గొంతు గీత

ఇంటి నుంచి,
బట్టలు ఆరేసే బాల్కనీ, విరిగిన స్టూలు మీద

నాయనమ్మా,

ఫోన్ చేద్దామంటే నీ చెవి మిషను ఈలలేస్తుంది. పైగా మా ఇంటి గోడల సంగతి నీకు తెలుసుగా! పక్కింటాయన తుమ్మితే అమ్మ ఇక్కణ్ణుంచే జలుబు మాత్ర పేరు చెబుతుంది. మందుల షాపులో పని చేసేవాళ్ల ఇంట్లో రహస్యాలు దాగవు. అందుకే ఉత్తరం.

నాకు రెండు యూనివర్సిటీల్లోనూ సీటొచ్చింది. సంతోషించకు, పూర్తిగా చదువు.

ఒకటి ఇక్కడే, మన వీధి చివర బస్సెక్కితే గేటు ముందు దింపుతుంది. ఫైనాన్స్ డిగ్రీ. రోజూ ఇంటికి వచ్చెయ్యొచ్చు. చదువు అవగానే ఉద్యోగం ఖాయమంటున్నారు. రెండోది ఒక పూటంతా బస్సులో కూర్చుంటే గానీ రాదు, హాస్టల్లో ఉండాలి. అక్కడ ఆర్ధికశాస్త్రం. నాకు కావలసింది అదే. చిన్నప్పుడు బస్ స్టేషన్లో నాన్న మైకు గది బయట కూర్చునేదాన్ని కదా, ఒక ఊరికి వెళ్లే బస్సు ఖాళీగా, ఇంకో ఊరి బస్సు కిక్కిరిసి ఎందుకు వెళ్తుందని అడిగి అందర్నీ విసిగించేదాన్ని. "మీ నాన్ననడుగు" అనేవాళ్లు డ్రైవర్లు. "నేను పిలుస్తానంతే, ఎందుకెళ్తున్నాయో నాకేం తెలుసు" అనేవాడు నాన్న. ఆ ఎందుకుని పాఠంగా చెప్పే చోటు ఒకటుందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఫైనాన్స్ చదివితే ఏం చెయ్యాలో నేర్పుతారు నాయనమ్మా. నాకు ఎందుకో కావాలి.

కానీ ఎలా వెళ్లను? ఆపరేషన్లో నాన్న స్వరపేటిక తీసేశాక ఇల్లు ఎలా ఉందో నీకు ఉత్తరాల్లో ఎవరూ సరిగ్గా రాయలేదనుకుంటా. మెడ దగ్గర రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటున్నాడు. మిషను పెట్టి మాట్లాడించొచ్చట, గాయం పూర్తిగా మానాక చూద్దామన్నారు డాక్టర్లు. అంతవరకు పలకా సుద్దముక్కా. పిలవాలంటే చెంచాతో బల్ల మీద కొడతాడు. ఒకప్పుడు ఊరంతటికీ వినబడిన గొంతు ఆయనది.

నిన్న ధైర్యం చేసి, రెండు సీట్ల సంగతీ చెప్పి, ఏది తీసుకోను నాన్నా అని అడిగాను. పలక అందుకుని రెండు మాటలు రాశాడు. "నీ ఇష్టం."

ఇక నేను నీకు వివరించక్కర్లేదు. జవాబు చెప్పాల్సిన గడువు దగ్గరకొచ్చేసింది. నువ్వే చెప్పు. ఏది చెబితే అది చేస్తాను. నాకు ఆలోచించే ఓపిక పోయింది.

నీ
పేచీ

*

మీ చిన్ననాయనమ్మ ఫ్లాటు,
కిటికీ పక్క బల్ల (కిటికీ తెరుచుకోదు)

చిరంజీవి పేచీకి ఆశీస్సులు.

ముందు దిద్దుబాటు. "ఆర్ధికం" కాదే, "ఆర్థికం". థ పొట్టలో చుక్కుంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పాఠ్యపుస్తకాల ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతూ ఆ చుక్క కోసం పోట్లాడాను. నా సొంత మనవరాలే అది మింగేస్తే ఎవరికి చెప్పుకోను? చేరాలనుకున్న శాస్త్రం పేరు చేరకముందే చెడగొట్టావు. ఎర్ర సిరాతో కింద గీత గీసి నీ ఉత్తరంలో ఆ పేజీ వెనక్కి పంపుతున్నాను, చూసుకో.

నీ సమస్య మీ చిన్ననాయనమ్మకు చదివి వినిపించాను. "రెండూ డబ్బు చదువులేగా, దగ్గరున్నది చూసుకోమను" అంది. చెప్పులు కొనేటప్పుడూ ఆవిడ పద్ధతి అదే. దగ్గరున్న దుకాణం. అందుకే జీవితమంతా కుంటుతూనే ఉంది.

ఇక అసలు మాట. మన ఇంట్లో "నీ ఇష్టం" అంటే ఏమిటో తెలియనంత అమాయకురాలివి కావు. నేను ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు మీ తాతయ్య "నీ ఇష్టం" అన్నారు. అని, నెల్లాళ్లు చొక్కా గుండీలు తనే కుట్టుకున్నారు, వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా నా చెవిన పడేలా అబ్బా అంటూ. మీ అత్త జుట్టు కత్తిరించుకుంటానంటే నేనన్నాను "నీ ఇష్టం" అని. దాని జడ ఇప్పటికీ నడుం దాటి ఉంది. మీ నాన్న కూడా ఆ ఇంట్లో పెరిగినవాడే. ఆ రెండు మాటలూ మన ఇంట్లో ఎవరన్నా వాటికి ఒకటే అర్థం. వద్దు.

అబద్ధం చెప్పి నిన్ను ఓదార్చలేను. వాడు వద్దన్నట్టే నాకూ అనిపిస్తోంది. మెడకి చిల్లు పడ్డవాడు కూతుర్ని దగ్గరుంచుకోవాలనుకోవడం నేరమూ కాదు.

అయినా నేను మూలప్రతి చూడకుండా ప్రూఫు దిద్దే మనిషిని కాను. మాట గొంతులోంచి వస్తే దాని విరుపు తెలుస్తుంది. పలక మీద అక్షరాలకు విరుపేది? ఎలా రాశాడో ఉన్నదున్నట్టు రాసి పంపు. అంతవరకు ఏ యూనివర్సిటీకీ అవుననీ కాదనీ అనకు. నువ్వు మీ తాత పోలిక, చెప్పులు సగం తొడుక్కుని వీధిలోకి పరిగెత్తే రకం. ఆగు.

నాయనమ్మ

*

బస్ స్టేషన్,
నాలుగో ప్లాట్‌ఫారం బెంచీ

నాయనమ్మా,

ఆగలేదు. కాదని రాసేశాను. దూరం యూనివర్సిటీకి నా సీటు అక్కర్లేదని చెప్పేశాను. మొన్నటికే అయిపోయింది. నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. తిట్టకు, ఎందుకో విను.

పోయిన వారం అమ్మ షాపులో ఉంది. నేను ఇంట్లో స్నానం చేస్తున్నాను. చెంచా చప్పుడు వినబడింది. మామూలుగా కొట్టే కొట్టుడు కాదు. తడిబట్టలతో పరిగెత్తాను. నాన్న బల్ల పట్టుకుని వంగిపోయి ఉన్నాడు, మెడ దగ్గర కఫం అడ్డం పడి ఊపిరి ఆడటం లేదు, మొహం నల్లబడుతోంది. దగ్గుకి కూడా శబ్దం లేదు నాయనమ్మా. హాస్పిటల్లో నేర్పినట్టే శుభ్రం చేశాను. తేరుకున్నాక నాన్న నా తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. నేను హాస్టల్లో ఉంటే ఆ చెంచా ఎవరు వింటారు?

మర్నాడు అమ్మకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి షాపుకెళ్తే, తోటి ఆవిడతో అంటోంది, "మా అమ్మాయి ఇంట్లోనే ఉంటుందిలే, ఆ ధైర్యంతోనే డ్యూటీకొస్తున్నా." డబ్బా అక్కడ పెట్టి అటు నుంచి అటే పోస్టాఫీసుకెళ్లి కాదని రాసి పడేశాను.

ఎలా రాశాడని అడిగావు. చెబుతాను, ఇక దాచి ఏం లాభం. "నీ ఇష్టం" అని రాసి, "నీ" కింద గీత గీశాడు. ఒకటి కాదు, రెండు. రెండోది గీసేటప్పుడు సుద్దముక్క విరిగింది. మన ఇంట్లో మాట కింద గీత పడిందంటే తప్పు చేసినట్టేగా. నువ్వు మా అందరి ఉత్తరాల్లోనూ గీసి పంపేది దానికేగా. నేను తప్పు చేస్తున్నానని నాన్న గీత గీసి మరీ చెప్పాడు. అంత కోపం.

ఇప్పుడు ఇక్కడెందుకు కూర్చున్నానో అమ్మకు తెలియదు. ఇక్కడ నాన్న గొంతు ఇంకా ఉంది. ఆపరేషన్‌కి ముందే ఊళ్ల పేర్లూ, నంబర్లూ అన్నీ విడివిడిగా రికార్డు చేయించుకున్నారు. కంప్యూటరు వాటిని అతికిస్తుంది. "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అంటుంటే కళ్లు మూసుకుంటాను. తర్వాత ఇంటికెళ్తే ఆ మనిషే చెంచా పట్టుకుని కూర్చుని ఉంటాడు.

వచ్చే వారం ఫైనాన్స్ తరగతులు మొదలు. అంతా అయిపోయింది. ఇక ఈ విషయం ఎత్తకు, నీ కాళ్లు పట్టుకుంటాను.

పేచీ

*

చిన్ననాయనమ్మ ఫ్లాటు,
వీధి తలుపు దగ్గర, నిలబడే రాస్తున్నాను

ఒసేయ్ పేచీ,

ఆశీస్సులు తర్వాత. ఎత్తకు అన్నావుగా, ఎత్తుతున్నాను.

మీ నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో మైకులో చదవాల్సిన కాగితాలు ఇంటికి తెచ్చాడు, అమ్మ ఎటూ దిద్దుతుందిగా అని. తెరిచి చూస్తే ప్రతి లైన్లోనూ గీతలు. ఊరి పేరు కింద గీత, ప్లాట్‌ఫారం నంబరు కింద రెండు గీతలు. నాకు ఒళ్లు మండింది. "ఏరా, నీ తప్పులు నువ్వే దిద్దుకుని నా దగ్గరకెందుకు తెచ్చావు?" అన్నాను. వాడు పగలబడి నవ్వి, "అమ్మా, అది నీ తప్పు గీత కాదే. గొంతు గీత" అన్నాడు. బస్సుల రొదలో, పిల్లల ఏడుపుల్లో, మిగతా మాటలు పోయినా పర్లేదు, ఈ మాట మాత్రం చివరి బెంచీ మీద కూర్చున్న ముసలాడిక్కూడా అందాలి అనుకున్న చోట గీస్తారట. ఒక గీత అయితే నెమ్మదిగా చదవాలి. రెండు గీతలయితే గొంతెత్తి చదవాలి.

రెండు గీతలు, పేచీ. "నీ" కింద.

మనందరం ఆ పలకని నా ఎర్ర సిరా కళ్లతో చదివాం. వాడు రాసింది వాడి భాషలో. కోపంతో సుద్ద విరగలేదే. నోరులేనివాడు అరవాలనుకుంటే సుద్దే విరుగుతుంది. ఇంకెవరి ఇష్టమూ కాదు, నీ ఇష్టం. అదీ వాడన్నది.

నేను పొరపాటుపడి ఉండొచ్చు. వాడు నిజంగానే వద్దని ఉండొచ్చు. ఒప్పుకుంటాను, నాకు గ్యారంటీ లేదు. కానీ అడక్కుండా ఊరుకుంటే మాత్రం నిన్ను క్షమించను. ఈ ఉత్తరం తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టు. ఆ రెండు మాటలూ వాడకుండా జవాబు చెప్పమను.

సీటు పోయిందంటావా? పోయి ఉండొచ్చు. రాత్రి నుంచి అదే తలుచుకుని మీ చిన్ననాయనమ్మ మీద అరుస్తున్నాను. ఆవిడ తిరిగి అరుస్తోంది. అదృష్టం కొద్దీ నాకు వినబడటం లేదు.

వెంటనే రాయి. చుక్కలూ థలూ ఏమైపోయినా సరే, రాయి.

నాయనమ్మ

*

దూరం యూనివర్సిటీ,
ఆఫీసు బయట మెట్ల మీద

నాయనమ్మా,

చిరునామా చూశావుగా. నాన్నా నేనూ ఇక్కడున్నాం. తిరుగు బస్సుకి ఇంకా టైముంది.

నీ ఉత్తరం నాన్న చేతిలో పెట్టాను. చదివాడు. మళ్లీ చదివాడు. పలక తీసి, "నేను వద్దన్నానా?" అని రాశాడు. "అన్నావుగా" అన్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "నేనూ అలాగే అనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా" అంది. అని, గోడ వైపు తిరిగిపోయింది. నాన్న భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. శబ్దం లేకపోతే రెండూ ఒక్కలాగే ఉంటాయి.

తెల్లారగానే స్టేషన్ యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుని తొడిగాడు. మెడకు రుమాలు కట్టుకున్నాడు. "నాన్నా, బస్సులో మళ్లీ అడ్డం పడితే?" అన్నాను. నా వైపు వేలు చూపించాడు, నువ్వున్నావుగా అన్నట్టు. దారంతా ఆ రుమాలు చూస్తూనే కూర్చున్నాను.

ఇక్కడ అడ్మిషన్ల కౌంటర్లో ఉన్నావిడ పలక చూడగానే గొంతు పెంచి, "ఏం కావాలండీ!" అని అరిచింది. "ఆయనకి చెవులు బాగానే పనిచేస్తాయండీ" అన్నాను. పాపం, సిగ్గుపడి వెంటనే గుసగుసలాడటం మొదలుపెట్టింది. అదీ అక్కర్లేదు.

నాన్న ఏం రాశాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "గమనిక. ముందు చేసిన ప్రకటనలో పొరపాటు జరిగినది. సవరణ: మా అమ్మాయి వచ్చును." "వచ్చును" కింద రెండు గీతలు గీశాడు. ఆవిడ చదివి, పక్కావిణ్ణి పిలిచి చూపించి, కంప్యూటర్లో వెతికింది. చాలాసేపు వెతికింది. తర్వాత మెల్లిగా చెప్పింది. నా సీటు జాబితాలో నా తర్వాతివాళ్లకి వెళ్లిపోయిందట. వాళ్లు ఔనంటే అంతే. కాదంటే నాకు కబురు చేస్తారట. "ఇలా వదులుకునేవాళ్లు తక్కువమ్మా, ఆశ పెట్టుకోకు" అంది. నాన్న చేతులు జోడించి నిలబడ్డాడు. ఆవిడ తల దించుకుంది. నాన్న ఎవరి ముందూ అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు నాయనమ్మా. నేను గడువు దాకా ఆగి ఉంటే ఆయన అలా నిలబడక్కర్లేదు.

కింద నాన్న ఏదో రాస్తానంటున్నాడు.

*అమ్మా. గొంతు గీత నీకింకా గుర్తుందా! అది చదివినప్పుడు నా గొంతు నాకు వినబడింది. ఇందులో తప్పులుంటే ఉండనీ, దిద్ది పంపకు.*

పేచీ

*

చిన్ననాయనమ్మ ఫ్లాటు,
సగం సర్దిన పెట్టె పక్కన

చిరంజీవి పేచీకి ఆశీస్సులు.

మీ నాన్న రాసినదాంట్లో తప్పుల్లేవు. ఉన్నా కనబడలేదు. కళ్లద్దాలు మసకబారాయి, తుడవాలి.

ఏమైనా తెలిసిందా? తెలిస్తే రాసేదానివేలే. నేనిక్కడ పోస్టుపెట్టె చుట్టూ తిరుగుతుంటే వాచ్‌మన్ నేనేదో పోగొట్టుకున్నాననుకుని వెతికిపెడుతున్నాడు. పాపం వద్దనలేకపోయాను.

ఒక విషయం తేల్చి చెబుతున్నాను. సీటు వచ్చినా రాకపోయినా నేను మీ ఇంటికొస్తున్నాను. ఆ చెంచా ఎవరు వింటారని అడిగావు. నేను వినలేను. ఆ సంగతి మీ అమ్మ గుర్తు చేసేలోగా నేనే చెబుతున్నా. చెంచా కాదు, ఇనుప డ్రమ్ము కొట్టినా నాకు వినబడదు. కాబట్టి ఎదురుగానే కూర్చుంటాను. వాడు ఊపిరి తీసుకోవడం చూస్తూ కూర్చుంటాను. వాడు పుట్టిన కొత్తలో చేసిన పనేగా, మర్చిపోలేదు. ఆ శుభ్రం చేసే పని మాత్రం వచ్చీ రాగానే నాకు నేర్పు. నేను మంచి విద్యార్థిని, కానీ ఎదురు ప్రశ్నలేస్తాను.

మీ చిన్ననాయనమ్మ "నీ ఇష్టం" అంది. ఎంత కోపమో చూడు. పెట్టెలోంచి నా శాలువా తీసి దాచేసింది కూడా.

నాయనమ్మ

*

దగ్గర యూనివర్సిటీ,
ఫైనాన్స్ తరగతి, వెనక బెంచీ

నాయనమ్మా,

ఏ కబురూ లేదు. రోజూ ఇక్కడికొచ్చి కూర్చుంటున్నాను. సార్ నష్టభయం గురించి పాఠం చెబుతున్నారు. ఏదైనా పోతుందని ముందే తెలిస్తే ఎలా సర్దుకోవాలో బాగా చెబుతారు. పోగొట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం ఆ పాఠంలో లేదు. పక్కనున్న పిల్లలు మంచివాళ్లే. నేనే ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇంటికెళ్తే ముగ్గురం పోస్టు కోసం చూస్తూ, చూడనట్టు నటిస్తున్నాం. నాన్న పలక తుడిచి గోడకానించేశాడు. ఏమీ రాయడం లేదు. రాస్తే మళ్లీ తప్పుగా చదువుతామని భయమేమో.

నువ్వు త్వరగా రా.

సాయంత్రం కలిపిన మాట: ఇంటికొచ్చేసరికి కబురుంది. సీటు నాకే. నా తర్వాత ఉన్నవాళ్లెవరో కాదన్నారట. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నాన్న చెంచాతో బల్లంతా వాయించాడు, పక్కింటాయన ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. నేను మాత్రం ఎవరా కాదన్నదని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆ ఇంట్లో ఎవరు ఎవరితో "నీ ఇష్టం" అన్నారో నాయనమ్మా. వాళ్ల పలక సరిగ్గా చదివేవాళ్లు ఉన్నారో లేదో.

పేచీ

*

హాస్టల్,
కిటికీ పక్కనున్న మంచం నాకే దక్కింది

ఇంట్లో మా నాన్నకెదురుగా కూర్చున్న నాయనమ్మకి,

మొదటి తరగతి అయింది. నోటుపుస్తకం మీద "ఆర్థికశాస్త్రం" అని రాసి, చుక్క పెట్టాను. ఎంత గట్టిగా పెట్టానంటే అట్టకి చిల్లు పడింది.

నువ్వు మెట్లు దిగలేక ఇంట్లోనే ఉండిపోయావు కాబట్టి స్టేషన్లో జరిగింది నీకు తెలియదు. నాన్న రాయడని తెలుసు, అందుకే నేను రాస్తున్నాను.

అమ్మ నా పెట్టెని ఇక్కడ పెట్టి అక్కడ పెట్టి డ్రైవర్ని విసిగిస్తోంది. ప్రతి అరలోనూ మాత్రలే సర్దింది, ఏ జబ్బుకో నాకు తెలియదు. నాన్న పలకతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. కిటికీలోంచి, "ఏదైనా రాయి నాన్నా" అన్నాను. సుద్ద తీశాడు, ఆలోచించాడు, జేబులో పెట్టేసుకున్నాడు. మళ్లీ ఏదో మనసులో పెట్టుకున్నాడనుకున్నాను.

అప్పుడు పైన స్పీకర్లో గరగరమని నాన్న గొంతు మొదలైంది. నేనెక్కిన బస్సు నంబరు, నేను వెళ్లే ఊరు. అతికించిన ముక్కలే, నాకు తెలుసు. "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అంది గొంతు. కింద నాన్న ఆ మాట వింటూ గబగబా సుద్ద తీసి పలక మీద ఏదో చేసి, నా వైపు తిప్పి తలకంటే పైకెత్తి పట్టుకున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా దించలేదు.

పలక మీద అక్షరం లేదు నాయనమ్మా. రెండు గీతలున్నాయి.

నీ
పేచీ